నూట పదహార్లు లేని పాట

పాట తన మీద పడిందని గున్నేశ్వరరావుకు తెలిసేసరికి మునిసిపల్ గుమాస్తా మూడోసారి కూడా అనేశాడు.

"ఎనభై ఆరు వేల నూట పదహార్లు, మూడోసారి! బుట్టల కొట్టు గున్నేశ్వరరావుగారు. ఇలా వచ్చి సంతకం పెట్టండి."

గున్నేశ్వరరావు బెంచీ మీంచి లేవలేదు. ఎదురుగా బావమరిది కుక్కుటేశ్వరరావు కండువా దులిపి భుజాన వేసుకుంటున్నాడు. ఓడిపోయినవాడు కండువా అలా దులపడు.

ఆ ఊరి కూరగాయల మార్కెట్టులోకి వచ్చే ప్రతి సరుకుకీ మునిసిపాలిటీకి కొంత కట్టాలి. దాన్ని ఆశీలు అంటారు. గంపకు పది పైసలు, బండికి రూపాయి, లారీకి ఐదు, నేల మీద కూర్చుని అమ్ముకునేవాళ్ళకు పావలా. ఆ చిల్లర ఏరుకోవడానికి మునిసిపాలిటీకి మనుషుల్లేరు. అందుకని ఏటా మార్చి నెలలో ఆ హక్కును వేలం వేస్తారు. ఎక్కువకు పాడినవాడు ఆ సొమ్ము మునిసిపాలిటీకి కట్టి, ఏడాది పొడుగునా మార్కెట్టులో వసూలు చేసుకుంటాడు. మిగిలితే వాడిది. పోయినా వాడిదే.

ఎనిమిదేళ్ళుగా ఆ పాట కుక్కుటేశ్వరరావుదే. ముప్పై నాలుగు వేల నూట పదహార్లు, ఓ వెయ్యి అటూ ఇటూగా. పోటీకి రాగలవాళ్ళందరూ పాట రోజు పొద్దున్నే ఆయన డబ్బుతో ఇడ్లీ తిని, ఆయన ఇచ్చిన కవరు జేబులో పెట్టుకుని, వేలంలో నోరు మూసుకుని కూర్చుంటారు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి గనక ఎవరికీ పట్టలేదు.

గున్నేశ్వరరావుకు ఎవరూ కవరు ఇవ్వలేదు. ఆయన పాడతాడని ఎవరూ అనుకోలేదు. ఆయనే అనుకోలేదు, నాలుగేళ్ళ కిందటి వరకు.

డెబ్భై ఎనిమిదిలో ఆయన భార్య జగదాంబ పోయింది. పోయిన రోజు పాట రోజు. గోదావరి ఒడ్డున చితికి నిప్పు పెట్టకముందే తోడబుట్టినవాడు వాచీ చూసుకున్నాడు. "పదకొండింటికి పాటండి బావగారూ, ఏమీ అనుకోకండి" అని రిక్షా ఎక్కాడు. రిక్షావాడు గంట కొట్టుకుంటూ గట్టెక్కించాడు. ఆ తరవాత ఏటా ఆబ్దికానికి కబురు పెడితే, ఆశీలు టిక్కెట్లు అచ్చు వేయించాలనీ, మనుషుల్ని పెట్టుకోవాలనీ చెప్పి పంపేవాడు. పిల్లల్లేని ఇల్లు. తద్దినం పెట్టేవాడూ, తిని లేచేవాడూ గున్నేశ్వరరావే.

ఈ ఏడు పోస్టాఫీసులోంచి వెయ్యి రూపాయలు తీసి ధరావతు కట్టి వేలంలో కూర్చున్నాడు. అనుకున్నది ఇంతే. పాటను అరవై వేల దాకా ఎగదోసి ఊరుకోవాలి. బావమరిది రోషగాడు, వదలడు. ఏడాదికి పాతిక వేలు అదనంగా కట్టి ఏడుస్తాడు. రిక్షా ఖర్చు తీరుతుంది.

అరవై దగ్గర ఆగేవాడే. కానీ అప్పుడు కుక్కుటేశ్వరరావు వెనక్కి తిరిగి, "ఏంటి బావగారూ, బుట్టలు అమ్ముకోక మీకెందుకండీ ఇది? పోనీ అక్కయ్య పేరు మీద పాడుతున్నారా?" అన్నాడు. ఇడ్లీలు తిన్నవాళ్ళందరూ నవ్వారు.

ఆ తరవాత గున్నేశ్వరరావుకు రిక్షా గంట తప్ప ఏమీ వినపడలేదు.

వినపడవలసింది ఒకటుంది. అత్తవారింట్లో సున్నాతో ముగిసే మొత్తం శుభం కాదు. నిజంగా కావాలనుకున్నదానికి నూట పదహార్లు తగిలించి అడుగుతారు. ఎదుటివాణ్ణి ఊరించి ముంచాలంటే సున్నాతో వదిలేస్తారు. ఆ పద్ధతి జగదాంబ తండ్రిది. ఆయన కొట్లో పెళ్ళికి ముందు రెండేళ్ళు గుమాస్తాగా పనిచేసిన గున్నేశ్వరరావుకు అది తెలియకపోవడమేమిటి? కుక్కుటేశ్వరరావు డెబ్భై రెండు వేల దాకా పదహార్లతోనే పాడాడు. ఆ పైన డెబ్భై ఐదు వేలన్నాడు. ఎనభై వేలన్నాడు. ఎనభై ఐదు వేలన్నాడు. మూడుసార్లు ఉత్త సున్నాలు. మామగారు బతికుంటే, "ఒరే, చెవులు ఇంటి దగ్గర పెట్టి వచ్చావా?" అనేవాడు.

గున్నేశ్వరరావు ఎనభై ఆరు వేలన్నాడు. పైగా నూట పదహార్లు తగిలించాడు.

"బావగారికే ఉంచండి. పెద్దవారు, ముచ్చట పడ్డారు" అని కుక్కుటేశ్వరరావు కూర్చున్నాడు.

షరతులు గుమాస్తా చదివి వినిపించాడు. వారంలో నాలుగో వంతు, ఇరవై ఒక్క వేల ఐదువందల ఇరవై తొమ్మిది రూపాయలు కట్టాలి. కట్టకపోతే ధరావతు పోతుంది. పాట మళ్ళీ వేస్తారు. అందులో తగ్గినదంతా మొదట పాడినవాడి ఆస్తి జప్తు చేసి రాబట్టుకుంటారు.

ఆస్తి అంటే ఒక పెంకుటిల్లు. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు. చేటలూ, బుట్టలూ, కొబ్బరితాళ్ళూ అమ్మి, మొగుడూ పెళ్ళాం ఇరవై రెండేళ్ళలో కట్టుకున్నది. పోస్టాఫీసులో మిగిలింది ఐదు వేలు. గున్నేశ్వరరావు చదువు పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆగిపోయింది గానీ, ఈ లెక్కకు ఆ మాత్రం చదువు కూడా అక్కర్లేదు. ఇల్లు పోయినట్టే. చితి దగ్గర నిలబడనివాడి మీద కసితో, చితి మీద పడుకున్నదాని ఇల్లు వేలానికి పెట్టాడు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. పాట రద్దయితే కోరుకొండ మెట్లెక్కి వస్తానని నరసింహస్వామికి మొక్కుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వీధి ఊడవడానికి పెద్దింట్లమ్మ వచ్చింది. మునిసిపాలిటీలో పాకీపని, ఊడ్చే పని కలిపి పాతికేళ్ళ సర్వీసు. పొద్దున్న ఈ వీధి, మధ్యాహ్నం మార్కెట్టు. ఏనాడూ గుమ్మం వైపు చూడని మనిషి ఆ రోజు చీపురు గోడకు ఆనించి దణ్ణం పెట్టింది.

"ఏంటే పెద్దింట్లమ్మా?"

"మా మేస్త్రీగారు చెప్పారండి, బుట్టల సావుకారుగారు ఎనభై ఆరు వేలకి పాడేరంటకదండి. రెండు నెలలైందండి జీతం మొకం చూసి. ఆఫీసులో అడిగితే గల్లాపెట్టి కాళీ అంటన్నారండి. తమరు మొదటి వాయిదా కట్టగానే మాకే ముందిస్తారంటండి. మీ కడుపు సల్లగుండాలి బాబూ."

"నేను కట్టకపోతే?"

పెద్దింట్లమ్మ నవ్వింది. "తమరు భలేవోరండి! కట్టలేనోళ్ళు ఎనభై ఆరేలు పాడతారేంటండి?"

గున్నేశ్వరరావు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం కుక్కుటేశ్వరరావు వచ్చాడు. జగదాంబ పదకొండో రోజు తరవాత, ఈ నాలుగేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. కొట్లో బోర్లించిన బుట్ట మీద కూర్చుని, జేబులోంచి టైపు కొట్టించిన కాగితం తీశాడు.

"ఎంతైనా బావగారు. నేను చూస్తూ ఊరుకోలేనండి. మీకు స్తోమత లేదని ఆఫీసులో నేనే అర్జీ ఇచ్చాను. మీరు కూడా అవునని ఇందులో సంతకం పెట్టారనుకోండి, పాట రద్దు చేస్తారు. జప్తూ అదీ లేకుండా నేను మాట్లాడతాను. మీకు పోయేది ధరావతు వెయ్యి. అది కూడా నేనే ఇస్తాను. రెండు వేలు తీసుకోండి."

గున్నేశ్వరరావు మాట్లాడలేదు. సిగ్గుతో నోరు పెగల్లేదు. సంతకం పెట్టడానికి కలం కోసం కళ్ళతోనే వెతుకుతున్నాడు.

కుక్కుటేశ్వరరావు ఆ మౌనాన్ని బేరం అనుకున్నాడు. బేరాలలో పుట్టి పెరిగినవాడికి మౌనం ఇంకోలా అర్థం కాదు.

"సరే, మూడు వేలు."

గున్నేశ్వరరావుకు కలం దొరకలేదు.

"మీరు గట్టివారండి బావగారూ! ఐదు వేల నూట పదహార్లు. ఇంక మాట్లాడకండి."

కలం కోసం చూస్తున్న కళ్ళు ఆగిపోయాయి. ఈసారి చెవులు ఇంట్లోనే ఉన్నాయి. నూట పదహార్లు! వీడికి ఇది కావాలి. నన్ను కాపాడటానికి కాదు, నా దగ్గర్నుంచి లాక్కోవడానికి కావాలి. ఎనభై ఆరు వేలకి ముంచేననుకున్నవాడు, ముంచినదాన్ని తీయడానికి తనే ఎదురు ఐదు వేలు ఇస్తాడా? మళ్ళీ పాటొస్తే, ఇడ్లీలు పెట్టి ముప్పై ఐదుకు కొట్టేయవచ్చు. ముప్పై ఐదుకు కొట్టేస్తే ఎంత మిగులుతుందో వీడికి తెలుసు. నాకే తెలియదు.

"రేపు చెబుతాలే" అన్నాడు గున్నేశ్వరరావు.

"రేపా?"

"కలం కనపడటంలేదు."

మర్నాడు పొద్దున్న పెద్దింట్లమ్మ వచ్చే వేళకి ఆయన అరుగు మీద కాచుకుని ఉన్నాడు.

"మార్కెట్టు ఇదివరకటి మీద పెరిగిందా, తరిగిందా?"

"నన్నడుగుతారేంటండి?"

"రోజూ ఊడ్చేది నువ్వేగా."

ఆవిడ చీపురు చేతిలో నిలబెట్టి ఆలోచించింది. "కుక్కుటేసర్రావుగారు కొత్తగా పాట పాడిన ఏడు, రోజుకి రెండు బళ్ళ సెత్త ఎత్తేదాన్నండి. ఇద్దరం ఊడ్సేవోళ్ళం. ఇప్పుడైదు బళ్ళండి. ఆరుగురం. అయినా సాయంత్రానికి నడుం ఇరిగిపోతందండి. ఆదివారమైతే ఆరో బండి కూడానండి. కడియం కాడ్నించీ, లంకల్నించీ ఎన్ని లారీలొత్తన్నాయండీ ఇప్పుడు! క్యాబేజీ ఆకులేనండి ఒక బండి."

రెండు బళ్ళు ఐదు బళ్ళయ్యాయి. ఆశీలు మాత్రం ముప్పై నాలుగు వేల దగ్గరే కూర్చుంది. చెత్త అబద్ధమాడదు. గున్నేశ్వరరావుకు ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఈ ఎనిమిదేళ్ళలో తన కొట్లో గంపలు రెట్టింపు అమ్ముడుపోయాయి. అది తన మాట మంచితనం వల్ల అనుకున్నాడు ఇన్నాళ్ళూ. జగదాంబ ఉంటే నవ్వేది.

ఆరో రోజు తెల్లవారుజామునే మార్కెట్టు గేటు పక్కన నాలుగు కొత్త గంపలు అమ్మకానికి పెట్టుకుని కూర్చున్నాడు. బుట్టలవాణ్ణి బుట్టలతో చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఒళ్ళో మూడు సంచులు. పది గంపలు లోపలికి వెళితే ఒక చింతగింజ. బండికి ఒక కుంకుడుకాయ. లారీకి ఒక జీడిపిక్క. గేటు దగ్గర బావమరిది మనుషులు డబ్బు తీసుకుంటున్నారు గానీ టిక్కెట్టు చింపడం లేదు. గంపకు పది పైసలని బోర్డు మీద ఉంది. వాళ్ళు పదిహేను తీసుకుంటున్నారు. అది ఆయన లెక్కలో వేసుకోలేదు. బోర్డు మీది రేటే వేసుకున్నాడు.

ఎండెక్కాక లోపలికి వెళ్ళి, నేల మీద కూర్చున్నవాళ్ళను ఒక చుట్టు తిరిగి లెక్కపెట్టాడు. రెండువందల నలభై మంది. మధ్యలో ఆకుకూరల రత్నమాణిక్యం, "ఏంటండి సావుకారుగారు, పెళ్ళికూతుర్ని ఎతుకుతున్నారా?" అంది. వెతుకుతున్నానన్నాడు. ఆవిడ పక్కావిడను మోచేత్తో పొడిచింది.

పది గంటలకు గేటు పక్కనే గంప బోర్లించి కూర్చుని సంచులు విప్పాడు. చింతగింజలు నూట నలభై ఆరు. కుంకుడుకాయలు ఎనభై రెండు. జీడిపిక్కలు పదకొండు. నేల పావలాలు కలిపితే మూడువందల నలభై మూడు రూపాయలు. పాట సొమ్ము రోజుకు రెండువందల ముప్పై ఆరు పడుతుంది. ముగ్గురు మనుషుల కూలి ముప్పై. ఇంకా డెబ్భై ఏడు మిగిలింది.

మరోసారి లెక్కపెట్టాడు. డెబ్భై ఏడే.

మూడోసారి లెక్కపెట్టబోయి ఆగాడు. ఆదివారం కాదు, పండగ కాదు, ఉత్త శనివారం. వానాకాలం సగానికి సగం పడిపోయినా ఇల్లు పోదు.

ఆరు రోజులుగా గుండె మీద కూర్చున్నది ఏదో లేచి వెళ్ళిపోయినట్టనిపించింది. ఎదురుగా బండి మీద నాలుగు పెసరట్లు తిన్నాడు. ఐదోది వేయించుకున్నాడు. అట్లవాడు, "ఇంటికి పొట్లం కట్టమంటారా?" అనడిగితే, "ఇంట్లో ఎవరున్నారోయ్" అన్నాడు. నాలుగేళ్ళలో ఆ మాట అంత తేలిగ్గా బయటికి రావడం అదే మొదలు.

ఇంటికెళ్ళి ఇనప్పెట్టె తీశాడు. జగదాంబ కాసుల పేరు, నాలుగు జతల గాజులు, వంకీ. అన్నీ ఆవిడ తండ్రి పెట్టినవి. జగదాంబ పోయిన పదకొండో రోజున, "నాన్నగారి గుర్తులండి, నా దగ్గరుంటే బాగుంటుంది" అని బావమరిది ఒకసారి అడిగాడు. అప్పుడు కూడా ఏమీ అనుకోవద్దన్నాడు. గున్నేశ్వరరావు వాటిని మూటగట్టి బ్యాంకుకు పట్టుకెళ్ళాడు. శనివారం గనక పన్నెండింటికే మూసేస్తారు. పావు తక్కువ పన్నెండుకు పదిహేడు వేలు చేతిలో పడ్డాయి.

గడువు రోజు ఆదివారం పడింది. అందుకని సోమవారం కమీషనర్ ఆదినారాయణరాజుగారు బావనీ బావమరిదినీ పిలిపించారు. భీమవరం వైపు మనిషి. గొంతు పెంచరు. ఎదురుగా కుక్కుటేశ్వరరావు అర్జీ ఉంది.

"పాడినాయనకి స్తోమత లేదని రాశారు. మీ బావగారికి స్తోమత లేదని మీకెందుకండీ అంత బెంగ?"

"అయినవాళ్ళం కదండి. చూస్తూ ఊరుకోలేక…"

"ఏవండీ గున్నేశ్వరరావుగారూ, నిజమేనా? అవునంటే ఇప్పుడే రద్దు చేస్తాను. బలవంతం లేదు. ముప్పై నాలుగు పలికే మార్కెట్టుకి ఎనభై ఆరు ఎలా పాడారండీ?"

ఎలా పాడాడో నిజం చెబితే కసితో అని చెప్పాలి. అది చెప్పలేదు.

"చెత్త బళ్ళను బట్టి అండి."

"ఏ బళ్ళు?"

"మార్కెట్టులో రోజుకి ఐదు బళ్ళ చెత్త ఎత్తుతున్నారండి. ఎనిమిదేళ్ళ కిందట రెండే. సరుకు రాకుండా చెత్త రాదు కదండి."

రాజుగారు గంట కొట్టి శానిటరీ మేస్త్రీ రిజిస్టరు తెప్పించారు. పాత పుస్తకం ఒకటి, కొత్తది ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. రెండు బళ్ళు, రెండు బళ్ళు, రెండు బళ్ళు. ఐదు, ఐదు, ఆరు.

"చూశారా అండీ" అన్నారు, ఎవరితో అంటున్నదీ తెలియకుండా. "ఈ రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో ఉన్నాయి. ఆరుగురి జీతం, ఎడ్ల మేత, బండి రిపేర్లు కలిపి మార్కెట్టు ఊడవడానికే ఏడాదికి నలభై వేలవుతోందండి మనకి. మార్కెట్టు ఇచ్చేది ముప్పై నాలుగు. ఆ పై ఆరు వేలు ఎక్కడివనుకుంటున్నారు? ఊళ్ళోవాళ్ళ ఇంటిపన్ను. కుళాయిలకీ వీధి దీపాలకీ పోవలసిన డబ్బు."

"అందులో నా నలభై ఎనిమిది రూపాయలూ ఉన్నాయన్నమాటండి" అన్నాడు గున్నేశ్వరరావు. "రసీదుంది."

రాజుగారు నవ్వలేదు గానీ అర్జీని మడిచి పక్కన పెట్టారు. "అయితే కడతారా?"

గున్నేశ్వరరావు చేతిసంచిలోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. పోస్టాఫీసువీ, బ్యాంకువీ. నోట్లతోపాటు నగల తాకట్టు రసీదు కూడా జారి పడింది. కుక్కుటేశ్వరరావు దాన్ని చదివాడు. కాసుల పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఇవి మా నాన్న పెట్టినవి!"

"అవును. నువ్వన్నట్టే పాడానోయ్. మీ అక్క పేరు మీద."

కుక్కుటేశ్వరరావు కండువా జారింది. ఈసారి దులపలేదు.

బుధవారం జీతాలిచ్చారు. గురువారం పొద్దున్న పెద్దింట్లమ్మ కొత్త రవికె తొడుక్కొచ్చి, బుట్టల కొట్టు ముందు మాత్రం రెండుసార్లు ఊడ్చింది. గున్నేశ్వరరావు వద్దనలేదు. అరుగు మీద కాళ్ళు చాపుకుని చూస్తూ కూర్చున్నాడు. మొక్కు సంగతి గుర్తొచ్చింది. రద్దు చేయమని మొక్కుకున్నాడు, స్వామి రద్దు చేయలేదు. అడిగింది ఇవ్వలేదు గనక మెట్లెక్కనక్కర్లేదని బస్సు చార్జీ మిగుల్చుకున్నాడు. రెండు రోజులు పోయాక, పోనీలే పాపమని వెళ్ళి ఎక్కి వచ్చాడు. మోకాళ్ళు నొప్పి పుట్టాయి. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

మార్చి ఆఖర్న జగదాంబ ఆబ్దికం వచ్చింది. ఈసారి బావమరిదికి కబురు పెట్టలేదు. పొద్దున్న తొమ్మిదింటికి ఆయనే వచ్చాడు. టిక్కెట్లు అచ్చు వేయించే పని లేదు. మనుషుల్ని కుదుర్చుకునే పని లేదు. కాళ్ళు కడుక్కుని ఒక మూల పీట మీద కూర్చున్నాడు. మంత్రం అయ్యేదాకా కూర్చున్నాడు. పిండాలు పెట్టేటప్పుడు లేచి నిలబడ్డాడు. గోడ గడియారం పదకొండు కొట్టింది. చేతికి వాచీ ఉంది. చూసుకోలేదు.

గున్నేశ్వరరావు అది గమనించాడు. నాలుగేళ్ళ కిందటిది దానితో చెల్లదు. అయినా విస్తరి వేసి తనే వడ్డించాడు. గారెలు రెండు ఎక్కువే వేశాడు. ఇంతకాలానికి ఆ ఇంట్లో ఒక విస్తరికి ఎదురుగా ఇంకో విస్తరి పడింది.

పెరుగన్నంలోకి వచ్చాక కుక్కుటేశ్వరరావు తలెత్తకుండా, "వచ్చే ఏడు నేనే పాడతానండి బావగారూ" అన్నాడు.

"పాడు" అన్నాడు గున్నేశ్వరరావు. "ఈసారి ఆఖరిదాకా పదహార్లతోనే పాడు. వింటూ ఉంటాను."